తట్ట మోసినవారికే మందు

జిల్లేడువలస ఆసుపత్రిలో రోగాలన్నీ ఒక్కసారిగా మాయమైపోయిన ఏడాది అది. రోగులు ఏమయ్యారన్నది వేరే శాఖ చూసుకోవలసిన విషయం కనుక, ఆసుపత్రి వారు ఆ సంగతి ఆలోచించలేదు.

ఆ మాయ చేసింది ఒక పథకం. దాని పేరు 'శ్రమజీవి సంజీవని'. కూలి చేసుకుని బతికే పల్లెజనానికి వైద్యం, మందు, మంచం, ఊపిరాడకపోతే ప్రాణవాయువు, అన్నీ ఊరి ముంగిటకే తెచ్చి ఊరికే ఇచ్చే పథకం. ప్రకటన వెలువడిన రోజున జనం సంతోషించారు, అధికారులు దిగులుపడ్డారు. ఊరికే ఇచ్చేది ఏదైనా అనర్హుల నోట పడిపోతుందేమోనన్న దిగులు అధికారులకు ఉద్యోగంతోపాటే వస్తుంది. కూలివాడి వేషంలో కూలివాడు కానివాడు వచ్చి జ్వరం తగ్గించుకుని పోతే? నీడపట్టున కూర్చునే వంటికి ఎండదెబ్బ మందు పడితే? ఈ ప్రశ్నలు జిల్లా ప్రత్యేకాధికారి వామనమూర్తి గారి కంటికి కునుకు లేకుండా చేశాయి.

"కార్డులు కల్పించవచ్చును. సాక్షులు బొంకవచ్చును. స్వేదము బొంకదు" అని ఆయన ఒక సమావేశంలో సెలవిచ్చారు. చల్లటి గదిలో కూర్చున్న వారందరూ చెమటను తలచుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తరువాత జిల్లేడువలస ఆసుపత్రి ఆవరణలో, గేటు దగ్గర తూర్పువైపున, ట్రాక్టర్లు ఎర్రమట్టి తెచ్చి గుట్టగా పోశాయి. పడమటివైపున, వార్డు వరండాను ఆనుకుని, మరో గుట్టకు నేల చదును చేశారు. రెండింటికీ నడుమ సున్నంతో తెల్లని గీత గీశారు. వైద్యం కోరి వచ్చిన ప్రతి మనిషీ తూర్పు గుట్టలోని మట్టిని తట్టకెత్తుకుని, గీత దాటి, పడమటి గుట్టలో పోయాలి. పోసినవాడు శ్రమజీవి, అతడు లోపలికి వెళ్ళి డాక్టరును చూడవచ్చు. పోయలేనివాడు శ్రమజీవి కాడు; అతడు బయటికి వెళ్ళి దేవుణ్ణి చూడవచ్చు. పడమటి గుట్ట పెరిగి తూర్పు గుట్ట తరిగినప్పుడల్లా ట్రాక్టరు వచ్చి మట్టిని మళ్ళీ తూర్పుకు తోలేది.

పథకం చక్కగా నడిచింది. తట్ట మోయగలిగినవాళ్ళకు డాక్టరుతో పని లేకపోయింది. డాక్టరుతో పని ఉన్నవాళ్ళకు తట్ట మోయడం చేతకాకపోయింది. గీత దాటిన ప్రతి రోగీ ఆరోగ్యంగా తిరిగి వెళ్ళాడు. మందులు తరగలేదు, మంచాలు నలగలేదు, ప్రాణవాయువు సిలిండర్లు వచ్చిన సీలుతో వచ్చినట్టే ఉన్నాయి. ఇంత శుభ్రంగా నడిచే ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాల్లో లేదని పేరు వచ్చింది.

ఇంత పేరున్న ఆసుపత్రికి ఒకనాటి ఉదయం ఇటుకల బట్టీ కూలి నూకాలు తన మొగుడు సింహాద్రిని ఆటోలో వేసుకుని వచ్చింది. ఇద్దరూ ఒకే బట్టీలో పనివాళ్ళు. అతడు మట్టి తొక్కి అచ్చు పోస్తాడు, ఆమె ఎండిన ఇటుకను నెత్తిన పెట్టి బట్టీకి చేరుస్తుంది. దగ్గుగా మొదలైన జబ్బు జ్వరమై, జ్వరం ఆయాసమై, ఆ పొద్దుటికి సింహాద్రి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం ఎక్కాలంటే తాకట్టు పెట్టడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి. నూకాలు ఇంట్లో తాకట్టుకు మిగిలింది నూకాలు ఒక్కతే.

గేటు దగ్గర గొడుగు కింద, కుర్చీలో, వర్క్ ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావు కూర్చుని ఉన్నాడు. అంతకుముందు రోడ్ల శాఖలో కంకర కొలిచేవాడు. ఇప్పుడు కూలీలను కొలుస్తున్నాడు.

"ఎవరమ్మా పేషెంటు?"

"మా మావ, బాబూ. ఊపిరాడతా నేదు. బేగి లోపలికి ఒగ్గండి."

"ఒగ్గుతాం. ఒగ్గడానికే కదా ఇక్కడ కూకున్నాం. తట్ట అదిగో, పార అదిగో. ఒక్క తట్ట మోసీమను."

"నిల్సోడానికి ఓపిక నేదు బాబూ, తట్టెలగ మోస్తాడు?"

"అది తేల్చడానికే తట్ట పెట్టింది" అన్నాడు సన్యాసిరావు శాంతంగా.

సింహాద్రి మొండివాడు. పెళ్ళాం భుజం ఆసరాగా లేచాడు. పార అందుకున్నాడు. మట్టిలో దించాడు. దించిన పారనే పట్టుకుని, దాని మీదికే ఒరిగి, మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా, గుట్ట మీద కూలబడ్డాడు. సన్యాసిరావు వచ్చి తట్టలోకి తొంగిచూశాడు. ఖాళీ.

"శ్రమజీవి కాదు" అని తీర్పు చెప్పాడు.

"ఏటి బాబూ ఆ మాట! ఈడి సేతులు సూడండి. ఈ కాయలు సూడండి. ఊరి పెంకుటిల్లల్లో సగం ఇటకలు ఈడి సేతిమీంచి పోనాయి!"

"చూడమ్మా, చేతులు గతం. తట్ట వర్తమానం. పథకం వర్తమానానికే వర్తిస్తాది. నిన్న చేసిన కూలికి ఇవాళ మందిస్తే, రేపు చేసే కూలికి కూడా ఇవాళే ఇమ్మంటారు."

గేటు పక్కన పచ్చిమిర్చి బజ్జీలు వేసుకునే ఎర్నమ్మ, పొయ్యి ఎగదోస్తూ, అందుకుంది: "ఒలమ్మ నూకాలూ, ఆడితోటి నీకేటే? రోడ్డు మీద గుంత కొలిసినోడికి మడిసి గుండె కొలవడం ఏటి తెలుస్తాది? నీకు రోగం నేదు గదా, నువ్వు మొయ్యి. రోగం నేనోలికే ఈ ఆసుపత్రి."

అన్నది ఎగతాళికే. కానీ నూకాలుకు దారి కనిపించింది. చీర చెంగు బిగించి, తట్ట నింపి, ఎవరి సాయమూ లేకుండా నెత్తికెత్తుకుని, రోజూ ఇటుక మోసే ఆ నడకతోనే గీత దాటి, పడమటి గుట్టలో గుమ్మరించి వచ్చింది. సన్యాసిరావు ముఖం వికసించింది.

"శభాష్! రోగమంటే ఇలాగుండాలి! వెళ్ళమ్మా, డాక్టరమ్మ లోపలే ఉంది."

లోపల డాక్టర్ హిమబిందు ఉంది. చదువు ముగించి, వైద్యం చేద్దామని వచ్చిన చిన్నపిల్ల. ఇన్నాళ్ళుగా దుక్కల్లాంటి మనుషుల నాడి పట్టి, బలం మాత్రలు ఇచ్చి పంపుతూ, తాను చదివిన చదువు తనకు గుర్తుందో లేదోనని రాత్రుళ్ళు భయపడుతున్న మనిషి.

"ఏమైందమ్మా నీకు?"

"నాకేటీ అవలేదు డాక్టరమ్మా. రోగం గేటు కాడ ఒగ్గీసొచ్చినాను."

ఆమె చెప్పిందంతా హిమబిందు కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడి విన్నది. దూరాన ఎర్రమట్టి మీద పడి ఉన్న మనిషి ఛాతీ ఎగిరిపడడం అక్కడి నుంచే కనిపించింది. నిజమైన రోగి కనిపించి ఎన్నాళ్ళయిందో, ఆమె చేయి తనంతట తానే స్టెతస్కోపు కోసం వెతికింది.

"ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇప్పుడు ఇంజెక్షన్ పడాలి, ఆక్సిజన్ పెట్టాలి. పట్నం దాకా తీసుకెళితే దారిలోనే పోతాడు. సాయంత్రం దాకా ఆగినా అంతే."

"ఐతే రండి, ఆ సూదేదో బయటికొచ్చి పొడిసీయండి!"

"నేను గీత దాటకూడదమ్మా."

ఇదీ నిబంధనే. పూర్వం ఎవరో వైద్యులు డ్యూటీ వేళల్లో గేటు దాటి సొంత క్లినిక్కుల్లో తేలేవారట. అందుచేత వైద్యులు గీతకు పడమర, రోగులు గీతకు తూర్పు. మందులు బయటికి పొర్లిపోకుండా మరొక కట్టడి: ఏ మాత్రయినా అర్హత తెచ్చుకున్న మనిషే డాక్టరు ఎదుట మింగాలి, ఏ సూదయినా ఆ మనిషి వంటికే గుచ్చాలి.

"పోనీ ఆడి సూది నాకు పొడిసీయండి డాక్టరమ్మా. ఒకే కంచంలో తింటాం. ఏవైనా అందుతాదేమో."

హిమబిందు నవ్వలేకపోయింది. "ఎలాగైనా సరే, నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు, ఆయన్ని గీత ఇవతలికి చేర్చు. తరువాతి సంగతి నేను చూసుకుంటాను" అని మాత్రం అంది.

నూకాలు బయటకు వచ్చేసరికి గేటు ముందు తెల్లకార్లు బారులు తీరి ఉన్నాయి. రాజధాని నుంచి అధ్యయన బృందం వచ్చింది. ఈ పద్ధతిని రాష్ట్రమంతా అమలు చేయవచ్చునా అని చూడడం వారి పని. అమలు చేయవచ్చునని తేల్చి చెప్పడం వామనమూర్తి గారి పని. ఆయన తెల్లని బట్టలతో, ఎర్రటి మట్టి అంటకుండా పాదాలు ఏరి ఏరి వేస్తూ, ముందు నడుస్తున్నారు.

"అయ్యలారా, అమ్మలారా! ఈ గీత ఒట్టి సున్నము కాదు. సోమరితనానికిని శ్రమకును నడుమ నిలిచిన సరిహద్దు. పథకమునకు పూర్వము ఈ మండలమున మంచము పట్టిన కూలీలు కోకొల్లలు. నేడు? గీత దాటి లోనికి వెళ్ళిన వారిలో మంచము పట్టిన కూలీ ఒక్కడును లేడు. శ్రమయే ఔషధమని మన పెద్దలు ఊరకనే అన్నారా?"

ఏ పెద్దలు అన్నారో ఎవరూ అడగలేదు. నల్లకళ్ళద్దాల బృందనాయకుడు తల పంకించాడు. నూకాలు దూసుకుపోయి వామనమూర్తి గారి దారికి అడ్డంగా నిలబడి దండం పెట్టింది.

"బాబూ, తమరు పెద్దోరు. అడుగో, మట్టిమీద పడున్నోడు నా మొగుడు. ఒక్క మాట సెలవిస్తే బతుకుతాడు."

వామనమూర్తి గారు మట్టిమీద పడి ఉన్నవాణ్ణి చూశారు. చూసి, మట్టిని మాత్రమే చూసినట్టుగా చూపు తిప్పుకున్నారు. గొంతు తగ్గించారు.

"చూడమ్మా. ఇది పనిచేయు కూలీల పథకము. నీ పెనిమిటి ప్రస్తుతము పనిచేయుట లేదు. పనిచేయని వానికి పనిచేయువాని మందు నిచ్చినచో పనిచేయువానికి అన్యాయము జరుగును. అతడు కోలుకుని, బలము పుంజుకుని, తట్ట మోయగలిగిన నాడు రమ్మనుము. ఒక్క క్షణమైనను ఆలస్యము చేయక వైద్యము చేయింతును. ఇది నా హామీ."

"బలం వొస్తే ఇక్కడికెందుకొస్తాడు బాబూ, బట్టీకి పోతాడు గానీ!"

"అదియే మా లక్ష్యము" అన్నారు వామనమూర్తి గారు తృప్తిగా, బృందం వైపు తిరిగి.

నూకాలు మొగుడి దగ్గరకు వెళ్ళింది. సింహాద్రి కళ్ళు సగం మూతలు పడ్డాయి. ఆమె అతడికి వీపు తిప్పి కూర్చుంది. అతడి చేతులు రెండూ తన మెడ చుట్టూ వేసుకుంది. చెంగుతో తన నడుముకు కట్టేసుకుంది. "గట్టిగా పట్టుకో మావా" అంది. అతడు పట్టుకోలేదు, ఆమే అతడి మణికట్లు పట్టుకుని లేచింది. కండ కరిగి ఎముకే మిగిలినా మగవాడి ఎముక బరువే. తడబడింది. నిలదొక్కుకుంది. నడిచింది. గీత దాటింది.

"ఏయ్! ఆగు! అనర్హుడు గీత దాటకూడదు!" సన్యాసిరావు గొడుగు కింద నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఆడెక్కడ దాటినాడు? ఆడి కాలు నేల మీద ఆనిందా? దాటింది నాను. నన్ను పొద్దున్నే నువ్వే గదా పాసు సేసినావు!"

సన్యాసిరావు ఉద్యోగ జీవితంలో కంకర ఎన్నడూ ఎదురు మాట్లాడలేదు. బృందనాయకుడు కళ్ళద్దాలు తీశాడు.

"ఏమండీ వామనమూర్తి గారూ, ఎవరా వీపు మీద? నడవలేని రోగులు ఈ మండలంలో లేరన్నారే?"

అధికారి అన్నవాడి ప్రజ్ఞ ఇలాంటి క్షణంలోనే బయటపడుతుంది. వామనమూర్తి గారు రెప్ప వేసేటంత సేపు తడబడి, రెప్ప తెరిచేలోగా తేరుకున్నారు.

"రోగి కాదండీ. బరువు."

"బరువా?"

"చిత్తము. మార్గదర్శకములలో 'మట్టి గాని, తత్సమానమైన బరువు గాని' అని స్పష్టముగా ఉన్నది. ఆమె శ్రామికురాలు. ఆమె మోయుచున్నది బరువు. కొందరు ఉత్సాహవంతులు ఒక తట్టతో తృప్తి చెందక, స్వచ్ఛందముగా, ఇంటి నుంచే బరువులు తెచ్చుకొని మోయుచున్నారు. పథకము ప్రజలలో ఎంత లోతుగా పాతుకున్నదో తమరే చూడుడు."

బృందం చూసింది. చప్పట్లు కొట్టింది. ఫోటో తీసుకుంది. నూకాలు రొప్పుతూ పడమటి గుట్ట దగ్గరకు చేరి, చెంగు ముడి విప్పి, మొగుణ్ణి మట్టి మీద పడుకోబెట్టింది. అతణ్ణి వరండాలోకి చేరుద్దామని మళ్ళీ చేయి వేయబోతే సన్యాసిరావు అడ్డుపడ్డాడు. ఈసారి అతడి గొంతులో పాత ధీమా తిరిగివచ్చింది, ఎందుకంటే మట్టి కొలతలు అతడికి తెలిసిన విద్య.

"పడమటి గుట్టలో పడిన బరువు ప్రభుత్వ ఆస్తి. ఇంజనీరు గారు కొలిచేదాకా కదపరాదు."

వరండా మెట్ల మీద నిలబడి ఇదంతా చూస్తున్న హిమబిందు అప్పుడు దిగి వచ్చింది. గుట్ట పక్కన పాతిన బోర్డును మొదటిసారి శ్రద్ధగా చదివింది. ప్రభుత్వ ఆస్తిని ఎండనివ్వరాదు, తడుపుతూ ఉండవలెను. గాలికి లేచిపోనివ్వరాదు. వానకు కప్పవలెను.

"సన్యాసిరావు గారూ, ఈ బరువు బాగా ఎండిపోయింది. తడపాలి."

"తడపాలి మేడమ్. రూలే అది. ఉండండి, పైపు తెస్తాను."

"మీ పైపు వద్దు. దీనికి సన్న పైపు కావాలి."

సెలైన్ సీసా వచ్చింది. దాన్ని వేలాడదీయడానికి కొక్కెం లేకపోతే నూకాలు పార కర్ర నిలువునా పట్టుకుని నిలబడింది. సూది దిగింది. ఇంజెక్షన్ పడింది. ఆపైన సీలు తీయని సిలిండర్లలో ఒకటి, పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, దొర్లుకుంటూ వరండా దిగింది.

"ఇదెందుకు మేడమ్?"

"గాలికి లేచిపోకుండా."

సన్యాసిరావు బోర్డు చూశాడు, సింహాద్రి ముక్కు మీద పెట్టిన ఆక్సిజన్ ముసుగు చూశాడు, ఒప్పుకున్నాడు. మనిషిగా వస్తే దొరకని వైద్యం మట్టిగా వస్తే దొరికింది. పొద్దు గూకేవేళకు సింహాద్రి పెదవుల నలుపు విరిగింది. నూకాలు పార కర్ర వదలకుండానే, నిలబడే, ఏడ్చింది.

ఇంజనీరు వచ్చి టేపు పరిచాడు. పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు. ఎత్తు దగ్గర చిక్కు వచ్చిపడింది. టేపు పెట్టినప్పుడల్లా బరువు లేస్తోంది, దిగుతోంది. "శ్వాసక్రియ కారణంగా ఎత్తు నిలకడగా లేదు. నిలకడ ఏర్పడిన పిమ్మట కొలవవలెను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ నిలకడ ఏర్పడకుండా చూడడమే హిమబిందు పని కనుక, ఆమె ఆ పని శ్రద్ధగా చేసింది.

వార్త ఊళ్ళు తిరిగింది. మర్నాడు ఒకడు తల్లిని మోసుకొచ్చాడు. ఆ మర్నాడు ఒకామె కాలు కుళ్ళిన అన్నను తెచ్చింది. పామాయిల్ తోటలో నిచ్చెన మీంచి పడినవాణ్ణి తోటివాళ్ళు భుజాన వేసుకొచ్చారు. సన్యాసిరావు అందరికీ గొడుగు కిందినుంచే "బరువు, బరువు" అని దారి ఇచ్చాడు. బరువులు మట్టి మీద పరుచుకున్నాయి. హిమబిందు తడుపుతూ, కప్పుతూ, గాలికి లేచిపోకుండా కాస్తూ, తిండి మరిచిపోయి తిరిగింది. శ్రామికుల్లో ఉత్పాదకత ఉవ్వెత్తున లేచిందని వామనమూర్తి గారు పైకి విన్నవించారు. పై వారు మెచ్చుకున్నారు.

అంతా బాగానే ఉండేది, బరువులు కోలుకోకుండా ఉంటే. అవి కోలుకున్నాయి. లేచి కూర్చున్నాయి. గంజి అడిగాయి. ఒకటి రెండు, ఎవరికీ చెప్పకుండా, తమ కాళ్ళ మీద తామే నడుచుకుంటూ ఇళ్ళకు పోయాయి. ఆడిట్ వారు వచ్చి చూసేసరికి గుట్ట మీద ఉండవలసిన బరువు లేదు. ప్రభుత్వ ఆస్తి పగటివేళ, అందరూ చూస్తుండగా, బజ్జీలు తింటూ గేటు దాటిపోయిందని తేలింది. మందుల గది సగం ఖాళీ అయింది. సిలిండర్ల సీళ్ళన్నీ ఊడాయి. ఆసుపత్రికి ఉన్న పేరంతా పోయింది.

వామనమూర్తి గారు వెనువెంటనే లోపాన్ని సవరించారు. సింహాద్రి లేచి నిలబడి, పెళ్ళాం భుజం పట్టుకుని ఇంటికి బయలుదేరిన ఉదయమే ఆ సవరణ గేటుకు వేలాడింది. సన్యాసిరావు దాన్ని రాగం తీసి అందరికీ చదివి వినిపిస్తున్నాడు: "సజీవమైన బరువులు ఇకమీదట గీత దాటరాదు. నిర్జీవమైన బరువులకు అభ్యంతరము లేదు."

అప్పటికే ఒక నడివయసు ఆడమనిషి తన తండ్రిని వీపున వేసుకుని గేటు దాకా వచ్చి ఉంది. కంకర మిల్లులో దుమ్ము తాగిన ముసలాయన. ఛాతీలో పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు చప్పుడు. సన్యాసిరావు కుర్చీ లోంచి లేచి, వేలు ముసలాయన ముక్కు కింద పెట్టి, కాసేపు ఆగాడు.

"ఊపిరి ఉంది. వీల్లేదమ్మా. పోయాక తీసుకురా."

"పోయాక ఎందుకు బాబూ?" అంది ఆమె.

"అది నాకు తెలీదు. పోయాక అభ్యంతరం లేదు."

ఆమె వెనక్కి తిరిగింది. నూకాలు మొగుణ్ణి ఎర్నమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టి, గబగబా ఆమె వెంటపడి, తూర్పు గుట్ట చాటుకు తీసుకుపోయింది. ముసలాయన చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పింది. ముసలాయన వినలేదేమో, మళ్ళీ చెప్పింది.

"అటు కొంచెం తిరిగొచ్చీయండప్పా, ఇంకోపాలి" అంది ఆ ఆడమనిషితో. "తాతా, ఆ గీత దాటినదాకే. లోపల డాక్టరమ్మ ఉంది. కళ్ళు మూసీ."

వాళ్ళు మళ్ళీ గేటు ముందుకు వచ్చారు. సన్యాసిరావు మళ్ళీ వేలు పెట్టాడు. ఊపిరి అందక ఆసుపత్రికి వచ్చిన ఆ ముసలాయన, కూతురి వీపు మీద తల వాల్చి, ఊపిరి బిగబట్టి వేలాడుతున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. సన్యాసిరావు, పని పట్ల నిష్ఠ గలవాడు, వేలు తీయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.